ఆరు నెలల్లో ఐదుసార్లు వెళ్లిన జీర్ణకోశ వ్యాధుల క్లినిక్: ఒక రోగి సమీక్ష

జీర్ణకోశ వ్యాధుల నిపుణుల క్లినిక్ ఒకదానికి గత ఆరు నెలల్లో ఐదుసార్లు వెళ్లాను. మొదటిసారి డాక్టరుగారిని కలవడానికి, రెండోసారి ఎండోస్కోపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి జీర్ణాశయం చూసే పరీక్ష), కొలనోస్కోపీ (కిందనుంచి అలాగే పెద్దపేగు చూసే పరీక్ష) ఒకేరోజు చేయించుకోవడానికి, మూడోసారి ఫలితాల గురించి మాట్లాడటానికి, మిగిలిన రెండుసార్లు శ్వాస పరీక్షకు వెళ్లాను. క్లినిక్ పేరు రాయడం లేదు. పేరు కంటే అక్కడ పనులు జరిగిన తీరు చెబితేనే, ఏ ఊళ్లో ఏ నిపుణుడి దగ్గరకు వెళ్లేవారికైనా ఉపయోగం ఉంటుందని నా అభిప్రాయం. వైద్యం విషయంలో నాకు పూర్తి సంతృప్తి ఉంది. వైద్యం మొదలుకాకముందు రోగికి చెప్పవలసిన నాలుగు ముక్కలు చెప్పడంలో మాత్రం ఆ క్లినిక్ బాగా వెనకబడింది. అవి నాకు ముందే తెలిసి ఉంటే అయిదింటిలో ఒక ప్రయాణం, దాదాపు రెండు నెలల అనిశ్చితి తప్పేవి.

నా సమస్య చాలామందికి ఉండేదే. మూడేళ్లుగా పైకడుపులో మంట, అప్పుడప్పుడు నొప్పి. దానికి 'గ్యాస్' అని నేనే పేరు పెట్టుకుని, మందుల షాపులో దొరికే, ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర వేసుకుంటూ కాలం గడిపాను. మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ కూడా వాడేవాణ్ని. ఆ రెండింటికీ సంబంధం ఉండవచ్చన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. ఈమధ్య మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని మా కుటుంబ వైద్యుడి దగ్గరకు వెళితే రక్తపరీక్ష చేయించారు. పెద్దవయసు మగవారికి హిమోగ్లోబిన్ 13 గ్రాములు ఉండాలంటారు, నాకు 9.4 ఉంది. శరీరంలో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా బాగా తక్కువగా ఉంది. ఆయన ఐరన్ మాత్రలు రాసి ఊరుకోకుండా, "రక్తం ఎందుకు తగ్గిందో తెలియాలి. పేగులు చూపించుకోండి," అని ఈ నిపుణురాలికి చీటీ రాశారు. యాభై దాటిన మగవాడికి ఐరన్ లోపం వల్ల రక్తహీనత వచ్చిందంటే, జీర్ణకోశంలో ఎక్కడో నెమ్మదిగా రక్తం పోతోందేమోనని చూడటం వైద్యంలో స్థిరపడిన పద్ధతి. మాత్రలతో హిమోగ్లోబిన్ పెరిగింది కదా అని ఆ కారణాన్ని వెతకకుండా వదిలేయడం ప్రమాదకరం. ఆయన ఆ చీటీ రాసినందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో పేరు, వయసు, ఫోన్ నంబరు అడిగి సమయం చెప్పారు. అంతే. ఏ కాగితాలు తీసుకురావాలో, ఖాళీ కడుపుతో రావాలో అక్కర్లేదో ఎవరూ చెప్పలేదు, ఏ మందులు వాడుతున్నామో ఎవరూ అడగలేదు. ఈ సమీక్షలో నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

మొదటి రోజు చెప్పిన సమయానికి దాదాపు రెండు గంటల తర్వాత లోపలికి పిలిచారు. మధ్యలో ఎండోస్కోపీ గదిలో అత్యవసర కేసు ఒకటి వచ్చిందని నర్సు బయటకు వచ్చి అందరికీ చెప్పింది కాబట్టి ఆ ఆలస్యాన్ని నేను తప్పుపట్టను. రక్తపు వాంతులతో వచ్చినవారిని వదిలి నా మంట సంగతి వినమని ఏ డాక్టరునూ అడగలేం. ఈ విభాగంలో అలాంటి కేసులు రావడం మామూలే కనుక, వెళ్లేవారు ఆ పూటంతా ఖాళీ ఉంచుకుని వెళ్లడం మంచిది.

డాక్టరుగారి గదిలో గడిపిన ఇరవై నిమిషాలే మొత్తం ఆరు నెలల్లోనూ అన్నిటికంటే విలువైనవి. "ఏంటి ఇబ్బంది?" అని ఆవిడ అడిగితే, "గ్యాస్ అండీ," అన్నాను. ఆవిడ పెన్ను బల్లమీద పెట్టి, "గ్యాస్ అన్న మాట పక్కన పెట్టి, ఏమవుతోందో మొదటిసారి చెబుతున్నట్టు చెప్పండి," అన్నారు. నాకు కొంతసేపు మాట రాలేదు. మూడేళ్లుగా ఆ ఒక్క మాటతోనే సరిపెట్టుకున్నాను కనుక, దాని వెనక ఉన్నదాన్ని ఎన్నడూ విడదీసి చూసుకోలేదు. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమన్నారు. తిన్న తర్వాత పెరుగుతుందా, తింటే తగ్గుతుందా అని అడిగారు. రాత్రి నిద్రలోంచి లేపుతుందా, వీపులోకి పాకుతుందా, ముద్ద మింగేటప్పుడు ఛాతీలో అడ్డం పడుతుందా, బరువు తగ్గారా, తగ్గితే ప్రయత్నించి తగ్గారా, ఊరికే తగ్గారా అని అడిగారు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడూ తెల్లవారుజామునా నొప్పి ఎక్కువని, ఏదైనా తింటే కాసేపు సర్దుకుంటుందని చెప్పేసరికి ఆవిడ తలూపి రాసుకున్నారు. ఆంత్రమూలంలో, అంటే జీర్ణాశయం దాటగానే మొదలయ్యే చిన్నపేగు మొదటి భాగంలో పుండు ఉంటే చాలామందిలో నొప్పి అలాగే ఉంటుందట.

గ్యాస్ అనే మాట ఎంత ప్రమాదకరమో అప్పుడే తెలిసింది. కడుపు ఉబ్బరం, పుల్లటి త్రేన్పులు, ఛాతీలో మంట, పిత్తాశయంలో రాళ్ల నొప్పి, క్లోమం వాపు, చివరికి గుండెపోటు కూడా రోగి నోట గ్యాస్ గానే బయటకు వస్తుందని ఆవిడ చెప్పారు. ఛాతీలో గానీ పైకడుపులో గానీ ఒక్కసారిగా బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఆయాసం వచ్చి, ఎడమ చేతికో దవడకో పాకుతుంటే అది ఈ నిపుణుల అపాయింట్‌మెంట్ కోసం ఆగవలసిన విషయం కాదు; వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. రక్తపు వాంతి, తారులా నల్లగా జిగటగా దుర్వాసనతో వచ్చే మలం, తగ్గని తీవ్రమైన కడుపునొప్పి, కామెర్లతోపాటు జ్వరం, మలం గానీ గాలి గానీ కదలకుండా కడుపు బిగుసుకుపోవడం కూడా అంతే.

మలం గురించి అడిగినప్పుడు నేను తడబడ్డాను. పక్కన నా భార్య కూర్చుని ఉంది, అవతల ఉన్నది మహిళా డాక్టరు. ఆవిడ ఆ సంకోచాన్ని పోగొట్టిన తీరు నాకు బాగా నచ్చింది. సొరుగులోంచి అట్టకు అంటించిన ఒక బొమ్మల పటం తీసి నా ముందు పెట్టి, "వీటిలో మీది ఏ నంబరు?" అన్నారు. మలం రూపాన్ని ఏడు రకాలుగా చూపించే పటం అది. బ్రిస్టల్ పటం అంటారు. 1997 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. మేకపెంటికల్లా గట్టిగా విడివిడిగా ఉండేది ఒకటో నంబరు, పూర్తిగా నీళ్లలా ఉండేది ఏడో నంబరు, మధ్యలో ఉన్న మూడు, నాలుగు సాధారణమైనవి. వేలు పెట్టి చూపిస్తే సరిపోయింది, నోరు విప్పి వర్ణించే అవసరం రాలేదు. ఈ పటాన్ని ముందే చూసి, వారం రోజులపాటు నంబరు, రోజుకెన్నిసార్లు, ఏ సమయంలో అన్నవి రాసుకుని వెళితే డాక్టరుకు చాలా సమయం కలిసివస్తుంది. ముఖ్యంగా పేగుల పనితీరు దెబ్బతిని, పరీక్షల్లో ఏ పుండూ వాపూ కనబడని ఐబీఎస్ సమస్యలో రోగనిర్ధారణకు రోగి చెప్పేదే ప్రధానమైన ఆధారం. ఐబీఎస్‌ను గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2016లో వచ్చిన రోమ్ ప్రమాణాల ప్రకారం గత మూడు నెలల్లో వారానికి సగటున ఒక రోజైనా కడుపునొప్పి ఉండి, ఆ నొప్పికి మలవిసర్జనతోనో, వెళ్లే సంఖ్యలో మార్పుతోనో, మలం రూపంలో మార్పుతోనో సంబంధం ఉండాలి. వీటిలో కనీసం రెండు కలవాలి. ఈ లెక్క జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పగలిగేది కాదు, రాసుకున్నది చూసి చెప్పవలసినది.

మలం నల్లగా వస్తోందని భయంభయంగా చెప్పాను. "ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగారు. అవునన్నాను. ఐరన్ వల్ల, బిస్మత్ అనే లోహం ఉన్న కడుపు మందుల వల్ల మలం నల్లబడుతుందని, రక్తం వల్ల నల్లబడితే అది తారులా జిగటగా, భరించలేని వాసనతో ఉంటుందని వివరించారు. ఐరన్ మొదలుపెట్టకముందు రంగు ఎలా ఉండేదని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఎప్పుడూ చూసుకోలేదు.

తర్వాత మందుల సంగతి వచ్చింది. "రోజూ ఏమేం వేసుకుంటారు?" అంటే బీపీ మాత్ర ఒక్కటి చెప్పాను. మా ఆవిడ సంచీలోంచి మాత్రల స్ట్రిప్పులన్నీ తీసి బల్లమీద పరిచింది. నిజానికి అది నాకు ఇష్టం లేని పని. ఇంట్లో బయలుదేరేటప్పుడు ఆ సంచీ ఎందుకని అడ్డుచెప్పాను కూడా. డాక్టరుగారు ఒక్కొక్క స్ట్రిప్పు తిప్పి చూస్తూ డైక్లోఫెనాక్ దగ్గర ఆగారు. పదింటిలో ఏడు ఖాళీ అయిపోయి ఉన్నాయి. "ఇవి ఎన్నాళ్ల నుంచి?" అన్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి జీర్ణాశయపు లోపలి పొరకు రక్షణనిచ్చే పదార్థాల తయారీని తగ్గిస్తాయి, అందువల్ల పుండ్లు పడతాయి, అవి నొప్పి లేకుండానే రక్తం కార్చవచ్చు. నేను వాటిని మోకాలికి సంబంధించిన మందుగా భావించాను కాబట్టి కడుపు డాక్టరుకు చెప్పలేదు. ఈ ఒక్క పొరపాటు ఎవరూ చేయవద్దని నా మనవి. మూలికల పొడులు, కండలు పెరిగే పొడులు, బరువు తగ్గే మందులు, షాపులో అడిగి తెచ్చుకున్నవి, మానేసి నెల కానివి అన్నీ తీసుకువెళ్లాలి. కాలేయం దెబ్బతిన్న సందర్భాల్లో కారణం కొన్నిసార్లు మందు అని రోగి లెక్కపెట్టని వస్తువులోనే ఉంటుంది.

ఇక్కడే నా రెండు నెలల కథ మొదలైంది. కడుపులో పుండ్లకు నొప్పి మాత్రలతోపాటు రెండో పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. కడుపు పుండ్లు ఆందోళన వల్లా ఆమ్లం వల్లా వస్తాయని వైద్యలోకం నమ్ముతున్న రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని గుర్తించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బాక్టీరియా ఉన్నట్టు తేలితే రెండు వారాల మందులతో చాలామందికి పుండు మళ్లీ రాకుండా పోతుంది. అందుకే అది ఉందో లేదో కచ్చితంగా తెలియడం అవసరం. అయితే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మాత్రలు వాడుతుంటే ఆ బాక్టీరియా సంఖ్య తగ్గి, ఉన్నా లేనట్టే ఫలితం రావచ్చు. కనుక పరీక్షకు కనీసం రెండు వారాల ముందు ఆ మాత్రలు, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్, బిస్మత్ మందులు ఆపాలి. నేను ఎండోస్కోపీ రోజు ముందు రాత్రి వరకు పాంటోప్రజోల్ వేసుకున్నాను. మొదటి విజిట్‌లో నా మందులు చూసిన డాక్టరుగారు నొప్పి మాత్ర ఆపమన్నారు గానీ దీని గురించి చెప్పలేదు. మూడో విజిట్‌లో అడిగితే, "ఎండోస్కోపీ త్వరగా అవ్వాలని ఆగలేదు. కానీ ఆ సంగతి మీకు చెప్పి ఉండాల్సింది," అన్నారు. పొరపాటును అలా నేరుగా ఒప్పుకునే డాక్టరు మీద నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఈ సంగతి చదివి ఎవరూ తమంతట తాము ఆ మాత్రలు ఆపవద్దు. ఇదివరకు పుండు నుంచి రక్తం పోయినవారు, గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడుతూ కడుపు రక్షణకు ఈ మాత్ర వేసుకునేవారు ఆపితే ముప్పు. అపాయింట్‌మెంట్ తీసుకునే రోజే ఫోన్‌లో, "నేను ఫలానా మాత్ర వాడుతున్నాను, పరీక్షకు ముందు ఆపాలా?" అని అడగడమే సరైన పని. మధుమేహం మందులు, వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచబరిచే మందులు, జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేసే సెమాగ్లూటైడ్ వంటి ఇంజెక్షన్ల విషయంలోనూ అంతే: ఆపాలో, ఎన్నాళ్లు ఆపాలో, అసలు ఆపకూడదో ఆ మందు రాసిన డాక్టరు, ఈ డాక్టరు కలిసి నిర్ణయించాలి.

ఇలాగే తలకిందులయ్యే పరీక్ష మరొకటి ఉంది. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధికి చేసే రక్తపరీక్ష, బయాప్సీ (లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష), రోగి గ్లూటెన్ తింటున్నప్పుడే నిజం చెబుతాయి. ఎక్కడో చదివి ముందే మానేసి వెళ్లినవారికి జబ్బు ఉన్నా ఫలితం మామూలుగా రావచ్చు. పిత్తాశయం కోసం చేసే అల్ట్రాసౌండ్‌కు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, తింటే పిత్తాశయం ముడుచుకుని రాళ్లు సరిగా కనబడవు. ఆ అల్ట్రాసౌండ్‌లో కడుపు పుండు కనబడదని కూడా తెలుసుకోవాలి. స్కానింగ్ బాగానే ఉందని మూడేళ్లలో రెండుసార్లు నిశ్చింతగా ఉండిపోయినవాణ్ని నేను.

పరీక్షల రోజుకు ఇచ్చిన సూచనల విషయంలో మాత్రం క్లినిక్‌ను ఎంత మెచ్చుకున్నా తక్కువే. కొలనోస్కోపీ సన్నద్ధత గురించి పెద్ద అక్షరాలతో, గంటల వారీగా అచ్చువేసిన కాగితం ఇచ్చి, నర్సు దాన్ని మా ఇద్దరికీ చదివి వినిపించింది. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపమన్నారు, ఎందుకంటే ఆ నల్లదనం పేగు గోడలకు అంటుకుని చూపును అడ్డుకుంటుంది. పీచు, గింజలు ఉన్న ఆహారం మూడు రోజుల ముందు నుంచి వద్దన్నారు. ముందురోజు వడగట్టిన, అవతలి వైపు కనబడేంత తేటగా ఉండే ద్రవాలు మాత్రమే. ఎరుపు, ఊదా రంగువి వద్దు, అవి లోపల రక్తంలా కనబడతాయి. పేగు శుభ్రం చేసే మందు సగం ముందురోజు సాయంత్రం, మిగిలిన సగం పరీక్షరోజు తెల్లవారుజామున తాగాలి. మొత్తం ఒకేసారి రాత్రే తాగడం కంటే ఇలా రెండు భాగాలుగా తాగితే పేగు బాగా శుభ్రపడుతుంది. రెండో భాగం పరీక్షకు కనీసం రెండు గంటల ముందు ముగించాలి.

ఆ మందు తాగడం కష్టమే, దాచడం అనవసరం. ఉప్పగా, జిగటగా ఉంటుంది. రెండో గ్లాసుకే వికారం మొదలైంది. చల్లగా చేసి, స్ట్రా నాలుక వెనక వరకు పెట్టుకుని, ఒక్కో గ్లాసుకు పావుగంట వ్యవధి ఇచ్చి తాగితే తేలికైంది. మొదటి విరేచనం గంటన్నరకు వచ్చింది. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. స్నానాలగది పక్కనే పడుకోవడం, మెత్తటి కాగితం, వాజ్‌లైన్ దగ్గర ఉంచుకోవడం మంచిది. తెల్లవారేసరికి పసుపుపచ్చటి నీళ్లు మాత్రమే, అడుగు కనబడేంత తేటగా రావాలి. అలా కాకుండా గోధుమరంగులో మడ్డిగా వస్తుంటే బయలుదేరేముందే క్లినిక్‌కు ఫోన్ చేయాలని కాగితంలో రాసి ఉంది. సరిగా శుభ్రపడని పేగులో చిన్న పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే బొడిపె) దాగిపోతుంది, పరీక్ష మళ్లీ చేయించుకోవలసి వస్తుంది.

పరీక్ష గదిలో నాకు గుర్తున్నది చాలా తక్కువ. ఎడమవైపు పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం తగిలించారు. గొంతులో కొట్టిన మందు చేదుగా, నాలుక మొద్దుబారేలా ఉంది. నర్సు నా భుజం మీద చెయ్యి వేసి, "ముక్కుతో గాలి పీల్చండి, నేను ఇక్కడే ఉన్నాను," అంది. చేతికి ఎక్కించిన మత్తుమందు పని మొదలుపెట్టాక మళ్లీ కళ్లు తెరిచేసరికి రెండు పరీక్షలూ అయిపోయాయి. పైనుంచి చేసినది పది నిమిషాలు, కిందనుంచి చేసినది అరగంట పట్టిందని నా భార్య చెప్పింది. ఎండోస్కోపీ ఒక్కటే అయితే గొంతు మొద్దుబరిచి మత్తు లేకుండా కూడా చేస్తారు. ఏది కావాలో ముందే మాట్లాడుకోవచ్చు. మత్తు తీసుకుంటే వెంట పెద్దవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి, ఇరవైనాలుగు గంటలు వాహనం నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు చేయకూడదు. ఇంకో సంగతి: మత్తు దిగుతున్నప్పుడు డాక్టరుగారు వచ్చి నాతో ఐదు నిమిషాలు మాట్లాడారట, నేను చక్కగా జవాబులు కూడా చెప్పానట. ఒక్క మాట గుర్తులేదు. ఆ మాటలు వినడానికి మెలకువగా ఉన్న మనిషి పక్కన ఉండటం ఎందుకవసరమో దానితో అర్థమైంది.

ఆంత్రమూలంలో చిన్న పుండు, పెద్దపేగులో 6 మిల్లీమీటర్ల పాలిప్ కనబడ్డాయి. పాలిప్‌ను అప్పుడే తీసేశారు. పాలిప్ కనబడితే అక్కడికక్కడే తీయడానికి ముందే సంతకం తీసుకున్నారు కాబట్టి రెండోసారి ఆ మందు తాగే అవసరం రాలేదు. రిపోర్టు నాణ్యత చాలా బాగుంది. పెద్దపేగు మొదలు వరకు వెళ్లినట్టు ఫోటో ఉంది, పేగు ఎంత శుభ్రంగా ఉందో తొమ్మిదికి ఎంతో బోస్టన్ కొలమానంలో రాశారు, గొట్టాన్ని వెనక్కు తీస్తూ పరిశీలించడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాశారు. ఆ చివరిది కనీసం ఆరు నుంచి ఎనిమిది నిమిషాలైనా ఉండాలంటారు. నా రిపోర్టులో పదకొండు ఉంది. కొలనోస్కోపీ చేయించుకున్నవారెవరైనా తమ రిపోర్టులో ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోవచ్చు, లేకపోతే మర్యాదగా అడగవచ్చు. ఇవి రోగికి తెలియవలసిన విషయాలే.

అంత మంచి రిపోర్టు ఇచ్చినవారే బయాప్సీ ఫలితాన్ని రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్‌కు రెండు లైన్ల సందేశంగా పంపారు. "ట్యూబ్యులర్ అడెనోమా, లో గ్రేడ్ డిస్‌ప్లేసియా." దానితో ఒక్క వివరణ కూడా లేదు. ఆ మాటలు ఒక్కొక్కటీ ఇంటర్నెట్‌లో వెతికి, ప్రతిచోటా క్యాన్సర్ అన్న మాట చూసి, మేమిద్దరం ఆ రాత్రి దీపం ఆర్పలేదు. "ఏమండీ, పొద్దున్నే వెళ్లి అక్కడే కూర్చుందాం," అని నా భార్య తెల్లవారకముందే ఫైలు సర్దింది. డాక్టరుగారు చెప్పిన అసలు సంగతి ఇది: అడెనోమా క్యాన్సర్ కాదు, పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువభాగం ఏళ్ల తరబడి ఇలాంటి పాలిప్‌ల నుంచి ఎదుగుతాయి, చిన్నగా ఉన్నప్పుడే తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. లో గ్రేడ్ అంటే కణాల్లో మార్పు తక్కువ స్థాయిలో ఉందని అర్థం. ఈ మూడు వాక్యాలు ఆ సందేశంలో చేర్చడానికి ఎంతసేపు పడుతుంది? ఈ విషయాన్ని క్లినిక్‌కు రాతపూర్వకంగా ఇచ్చాను. పరీక్ష చేయించుకునేవారు, "ఫలితం ఎప్పుడు వస్తుంది, ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు?" అని ఆరోజే అడిగి తెలుసుకోవాలి.

ఎండోస్కోపీలో చేసిన హెలికోబాక్టర్ పరీక్ష ఫలితం లేదనే వచ్చింది. డాక్టరుగారు దాన్ని నమ్మలేదు, కారణం పైన చెప్పినదే. పుండు మానడానికి ఎనిమిది వారాలు పాంటోప్రజోల్ మాత్రలు వాడించారు. భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటేనే ఆ మాత్ర సరిగా పనిచేస్తుందట. మూడేళ్లపాటు నేను తిన్న తర్వాతే వేసుకున్నాను. ఆ తర్వాత రెండు వారాలు మాత్ర ఆపించి, ఆ మధ్య మంట వస్తే వాడుకోవడానికి వేరే మందు రాసి, శ్వాస పరీక్షకు పిలిచారు. అది చాలా తేలిక: ఒక సంచీలోకి ఊది, గుర్తుపట్టగల కార్బన్ ఉన్న యూరియా ద్రావణం తాగి, అరగంట ఆగి మళ్లీ ఊదాలి. బాక్టీరియా ఉంటే ఆ యూరియాను విడగొడుతుంది, ఆ కార్బన్ ఊపిరిలో బయటపడుతుంది. నాకు ఉందని తేలింది. పద్నాలుగు రోజులు రోజూ గుప్పెడు మాత్రలు. నోరంతా లోహపు రుచి, నాలుగు రోజులు విరేచనాలు. మధ్యలో ఆపితే బాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుందని డాక్టరుగారు ముందే గట్టిగా చెప్పి ఉండకపోతే ఆరో రోజున మానేసేవాణ్ని. కోర్సు అయ్యాక నాలుగు వారాలకు పైగా ఆగి చేసిన రెండో శ్వాస పరీక్షలో అది పోయినట్టు తేలింది. ఈ చివరి పరీక్ష చేయించుకోకుండా చాలామంది ఊరుకుంటారని నర్సు చెప్పింది. నొప్పి తగ్గినంత మాత్రాన బాక్టీరియా పోయినట్టు కాదు కనుక, ఆ ప్రయాణాన్ని తప్పించుకోకూడదు.

ఈ నిపుణుల దగ్గరకు ఎవరు వెళ్లాలన్నదీ చెప్పాలి. అన్నవాహిక, జీర్ణాశయం, పేగులు, కాలేయం, క్లోమం, పిత్తనాళాలు వీరి పరిధి. వీరు మందులతో, ఎండోస్కోపీతో వైద్యం చేస్తారు. కోసి చేయవలసిన శస్త్రచికిత్స సర్జన్లది. పిత్తాశయంలో రాళ్ల వల్ల నొప్పి, అపెండిక్స్, హెర్నియా సర్జన్ దగ్గరకే వెళతాయి. కాలేయపు జబ్బు ముదిరినవారికి అదే పనిగా చూసే హెపటాలజిస్టు ఉంటే మేలు. ఎప్పుడో ఒకసారి వచ్చే అజీర్తికి ఇంతదూరం రానక్కర్లేదు, కుటుంబ వైద్యుడు చాలు. కానీ మలంలో రక్తం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం, మింగలేకపోవడం, యాభై దాటాక మలవిసర్జనలో కొత్తగా మొదలైన మార్పు, నిద్రలేపే విరేచనాలు ఉన్నవారు మొలలనో గ్యాస్ అనో సరిపెట్టుకోకూడదు. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే ఏ బాధా లేకపోయినా నలభై ఏళ్లకు, లేదా వారికి జబ్బు తేలిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ గురించి అడగాలి. అందుకే వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఎవరికి ఏ వయసులో ఏమైందో రాసుకోవాలి. మా ఇంట్లో ఆ మాట అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. మా నాన్నగారి అన్నయ్య దేనితో పోయారో అప్పుడు గానీ తెలియలేదు.

హిమోగ్లోబిన్ ఇప్పుడు 13.6. డైక్లోఫెనాక్ మానేశాను, మోకాలికి వేరే వైద్యం జరుగుతోంది. చిన్న అడెనోమా ఒక్కటే కాబట్టి తర్వాతి కొలనోస్కోపీ ఏడు నుంచి పదేళ్ల మధ్య చాలన్నారు. తేదీని ఫైలు మొదటి పేజీలోనే రాయించుకున్నాను. అప్పుడూ ఇదే క్లినిక్‌కు, ఇదే డాక్టరుగారి దగ్గరకు వెళ్లాలని ఉంది. చివరిసారి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఫోన్‌లో ఎవరితోనో, "రోజూ వేసుకునే మాత్రలన్నీ తీసుకురండి, కడుపు మంట మాత్ర వాడుతుంటే పేరు ఇప్పుడే చెప్పండి, డాక్టరుగారిని అడిగి చెబుతాను," అంటోంది. నేను ఇచ్చిన కాగితం వల్లనో, మరెవరైనా అడగడం వల్లనో తెలియదు గానీ, ఆ మాట విని నాకు చాలా సంతోషం కలిగింది.